మూఢం వెళ్ళాక బిగించిన కార్డు

వర్జ్యం వెళ్ళింది, ఇక విప్పుకోవే అని వంటింట్లోంచి అత్త అనుమతి వచ్చేసరికి సరిగ్గా నాలుగు. నేను అప్పటికే అరగంటగా సీపీయూ డబ్బా ముందు బాసింపట్టు వేసుకుని స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. గురువారం ఒంటిగంటన్నర నుంచి మూడుదాకా రాహుకాలం, అది వెళ్ళిందనుకుంటే దాని తోక పట్టుకుని వర్జ్యం, అన్నీ పోను నాకు మిగిలింది ఈ ఒక్క గంట. ఐదింటికి కారంపూడి బస్సు గురజాల సెంటర్లో ఆగుతుంది, ఆరోగ్యమ్మ పెద్దమ్మ దిగుతుంది, ఆటో ఎక్కి మా ఇంటికొచ్చి ఈ కుర్చీలో కూర్చుంటుంది, కూర్చుని తన ఇల్లు చూస్తుంది. ఇంకా పునాది కూడా తవ్వని ఇల్లు. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా గవర్నమెంటు క్వార్టర్లలో బతికిన మనిషి మొదటిసారి తనకంటూ కట్టుకోబోయే ఇల్లు, దాన్ని గేటు దగ్గర్నుంచి పడకగది దాకా నడిచి వెళ్తున్నట్టు ఈ తెర మీద చూపిస్తానని మాటిచ్చాను. ఆమెకు నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని గుంటూరు కళ్ళ డాక్టరు తేల్చేశాడు. ఇల్లు లేవాలంటే ఏడాది పడుతుంది, కళ్ళు ఏడాది ఆగేట్టు లేవు, అందుకని ముందు బొమ్మలో చూసేస్తానంది. ఆ బొమ్మ నడవాలంటే ఈ ముసలి కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు మార్చాలి, ఆ కార్డేమో మూడు నెలలుగా మా బీరువాలో పట్టుచీరల మధ్య నిద్రపోతోంది. మూఢం కదా మరి.

నాలుగు స్క్రూలు. మూడు వచ్చాయి, నాలుగోది తల అరిగిపోయి ఎటూ తిరగదు, ఎవడు బిగించాడో వాడి చేతులు పడిపోను అనుకున్నాను, తర్వాత గుర్తొచ్చింది బిగించింది నేనే. ఇంజినీరు సాంబశివరావుగారి ఆఫీసు నుంచి దీన్ని ఇంటికి తెచ్చుకున్న రోజు, ఆరేళ్ళ కిందట, ఎక్కడ ఊడిపోతుందోనని పళ్ళు బిగబట్టి తిప్పాను. అప్పటికే ఇది పాతది, ఆయన కొత్తది కొనుక్కుని ఇది నాకిచ్చాడు. నా పని త్రీడీ ఎలివేషన్లు. ఇల్లు కట్టకముందే అది ఎట్లా ఉంటుందో రంగులతో సహా గీసిస్తే, వాళ్ళు దాన్ని ఫ్లెక్సీ వేయించి స్థలంలో కట్టుకుని వచ్చేపోయేవాళ్ళకు చూపించుకుంటారు. ఇటు మాచర్ల నుంచి అటు నరసరావుపేట దాకా నేను గీసిన ఇళ్ళు ఎన్ని లేచాయో, అన్నిటి కిందా సాంబశివరావుగారి పేరే. ఊళ్ళో అందరి ఇళ్ళకూ గాలి ఎటునుంచి రావాలో, పొగ ఎటు పోవాలో చెప్పేదాన్ని, నా కంప్యూటర్ మాత్రం ఆగ్నేయం మూల, వంటింటి కిటికీ పక్కన, పొయ్యికి రెండు మూరల దూరంలో. కరెంటు వస్తువంటే అగ్ని, అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలి అని సిద్ధాంతిగారు చెప్పారట అత్తకు. ఆయన లెక్కలోకి టీవీ రాలేదు, ఫ్రిజ్ రాలేదు, నా కంప్యూటర్ ఒక్కటే అగ్నిహోత్రం అయింది.

అరిగిన స్క్రూను పట్టకారుతో పట్టి పీకాను. పక్క రేకు ఊడి చేతిలోకి వచ్చింది, లోపలినుంచి గుప్పున తిరగమోత వాసన. నిజంగా, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ. ఫ్యాను ఇన్నేళ్ళూ గాలి లాక్కుంటోందనుకున్నాను, లాక్కున్నది మా పప్పులూ పులుసులూనట. దుమ్ము మామూలుగా అయితే ఊదితే పోతుంది, ఇది నూనె పట్టిన దుమ్ము, వేలు పెడితే వేలికి అంటుకుని సాగుతోంది. నవ్వు రావాలి నాకు, ఇంకో రోజయితే నవ్వేదాన్నే, మా ఆయన శ్రీను దాచేపల్లి సిమెంటు లోడు దింపి ఇంటికొచ్చాక చెప్పి నవ్వించేదాన్ని కూడా. ఇవాళ గడియారం నాలుగూ పన్నెండు చూపిస్తుంటే ఏడుపొచ్చేట్టుంది.

పాత కార్డు బయటికి తీయాలంటే గాడి చివర చిన్న కొక్కెం వంచాలి, అది కనపడదు, వేలుకు అందదు. తడుముతూ ఉంటే కార్తీక మాసం గుర్తొస్తోంది, ఈ గదిలోనే, ఆరోగ్యమ్మ పెద్దమ్మ ఈ కుర్చీలోనే. మా పింకీని ఈ లోకంలోకి లాగింది ఆమె చేతులే, కారంపూడి ఆసుపత్రిలో, పద్నాలుగు గంటలు నా పక్కనుంచి కదల్లేదు, ముక్కవే, ఇంకొంచెం ముక్కవే అని తిట్టింది. అప్పట్నుంచి పెద్దమ్మ అనే పిలుస్తాను. ఆ రోజు తనే వచ్చి, నాకు ఇల్లు గీసిపెట్టు, పేరు నీదే వెయ్యి, ఆ ఇంజినీరుది కాదు అంది. ఆ మాటకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో పంపిస్తాలే పెద్దమ్మా అంటే ఒప్పుకోలేదు.

"ఏలెడంత బొమ్మ నాకేం ఆనుద్దే వేణీ. చుట్టూతా చీకటి, మధ్యలో బొక్కలోంచి చూసినట్టుంటంది. పెద్దదాంట్లో వెయ్యి. నేను నడుస్తా చూడాల."

అప్పటికి ఆమె ఇల్లు గీయనే లేదు, వేరేవాళ్ళ ఇల్లు నడిపి చూపించాను, మచ్చుకి. గేటు దగ్గర ఒక బొమ్మ, చాలాసేపు ఆగి వాకిట్లో ఒక బొమ్మ, మళ్ళీ ఆగి గుమ్మంలో ఇంకోటి. "ఇదేందే, నా మోకాళ్ళే నయం గందా" అని పకపకా నవ్వింది. అప్పుడు ఆమెకు కనపడేది. బొక్కలోంచే అయినా కనపడేది, ఆగి ఆగి నడిచే బొమ్మను చూసి నవ్వేటంత కనపడేది. ఆ వారమే నరసరావుపేట వెళ్ళి అయాజ్ కొట్లో కార్డు తెచ్చాను, వాడినదే గానీ మంచిదని చెప్పాడు, రెండు ఫ్యాన్లది. తెచ్చి టేబుల్ మీద పెట్టానో లేదో అత్త క్యాలెండర్ తీసింది. ఎల్లుండి నుంచి శుక్ర మూఢం, రేపు అమావాస్య, ఇవాళ చూస్తే మంగళవారం.

వచ్చింది కొక్కెం. గోరు విరిగింది, పోతే పోయింది. పాత కార్డు పక్కన పడేసి కొత్తదాన్ని పెడితే పట్టదు. పొడుగు. హార్డ్‌డిస్కులు పెట్టే అర అడ్డం వస్తోంది, రెండంగుళాలు, కేవలం రెండంగుళాలు. ఇంటి నిండా జాగా ఉంటే చాలు మంచం పట్టదా అనుకునేవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను, ముందు మంచం కొలవండి, తర్వాత గది గీయిస్తా అని. నేను కొలవలేదు. మూడు నెలలు బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆ అట్టపెట్టెను చూశాను, ఒక్కరోజు కూడా టేపు పట్టలేదు, ముట్టుకోవడం కూడా మొదలుపెట్టినట్టే అవుతుందేమోనని. ఆ అర పీకేశాను, హార్డ్‌డిస్కును అట్టముక్క మీద పడుకోబెట్టాను, కార్డు నొక్కితే టక్‌మంది, పవర్ వైరు పెట్టాను, మానిటర్ వైరు పెట్టాను, యేసయ్యా అనుకున్నాను ఆమె తరఫున, ఆంజనేయస్వామీ అనుకున్నాను నా తరఫున, స్విచ్ వేశాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, గదంతా మోత. తెర నల్లగా ఉంది. మధ్యలో చిన్న డబ్బా తేలుతోంది, నో సిగ్నల్ అని, కుడివైపు కొట్టుకుని ఎడమవైపు, ఎడమవైపు కొట్టుకుని కుడివైపు.

అయాజ్‌కి ఫోన్ చేస్తే వెనక కొట్లో పది గొంతులు.

"ఫ్యాన్లు తిరుగుతున్నయ్యా అక్కా?"

"తిరుగుతున్నాయి తమ్ముడూ, తెర మీదే ఏం రావట్లా."

"వైరు కార్డుకే పెట్టావా, ఎప్పుడూ పెట్టేకాడ పెట్టావా?"

"కార్డుకే పెట్టా. ఆ మాత్రం తెలవదా నాకు?"

"కోప్పడమాకక్కా, అందరూ చేసేది అదేగా. కార్డు తీసి అంచున పసుప్పచ్చ గీతలుంటయ్ చూడు, అయ్యి రబ్బరుతో రుద్దు. గాడిలో బ్రష్ పెట్టు. జిడ్డేమన్నా పట్టిందా?"

"పట్టిందా ఏంది, ఆరేళ్ళ తిరగమోత అందులోనే ఉంది."

"వంటింట్లో పెట్టావా ఏందక్కా కంప్యూటరు?" అన్నాడు, మళ్ళీ వాడే అందుకున్నాడు, "అయినా ఎప్పుడో చలికాలం మొదట్లో తీసుకపోయావు, ఇప్పుడా బిగించేది? అప్పుడే చెప్పుంటే నేనే వచ్చి పెట్టేవాణ్ణి."

"మూఢమొచ్చిందిలే."

"మాకు లేదు గందక్కా మూఢం, మా కార్డుకెట్టా వచ్చింది?" అని నవ్వాడు. మంచివాడే, నవ్వించాలనే అన్నాడు, ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

నాలుగూ ముప్పై ఒకటి. పింకీ జామెట్రీ బాక్సులోంచి రబ్బరు తీసి రుద్దుతున్నాను, నల్లగా పొట్టు రాలుతోంది, పాత టూత్‌బ్రష్‌తో గాడి తోముతున్నాను, వెంట్రుకలన్నీ పసుపు రంగుకు తిరిగాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఘాటు, మామూలు ఘాటు కాదు, గొంతులో చెయ్యి పెట్టి తిప్పినట్టు. కొత్త మిరపకాయలు కల్లం నుంచి వచ్చాయి నిన్న, కారం కొట్టించడానికి అత్త మూకుడు పెట్టి వేయిస్తోంది, పొయ్యి మీద మిరపకాయలు, రెండు మూరల ఇవతల పొట్ట విప్పుకుని పడుకున్న నా కంప్యూటర్.

"అత్తా, కాసేపు ఆ పొయ్యి ఆర్పుతావా?"

"ఏందే అరుపులు? మంచిరోజని నేనూ ఇవాళే మొదలుపెట్టా."

"అంతా నీ మంచిరోజుల వల్లే వచ్చింది" అనేశాను. మూకుడులో గరిటె ఆగింది. పొయ్యి ఆర్పిన చప్పుడు, ఆ తర్వాత గొంతు, నెమ్మదిగా, "నేను చెప్పా సరే. నువ్వు సిన్నపిల్లవా ఏందే ఇనడానికి? కంప్యూటర్ ఇడిచి చీరలు అమ్ముకోమన్నా ఇంటావా?"

అదే, అక్కడే తగిలింది నాకు. అత్త మీదికి నెట్టడం తేలిక, సిద్ధాంతి మీదికి ఇంకా తేలిక. అత్త మాట ఎన్నిటికి విన్నాను గనక? చదువుకోవద్దంటే విన్నానా, సాంబశివరావుగారి ఆఫీసుకు పోవద్దంటే విన్నానా? దీనికి విన్నాను, ఎందుకంటే నాక్కూడా భయమే. బొమ్మ మూలన మొదటిసారి నా పేరు, ఎలివేషన్: నాగవేణి, గురజాల, అని పెట్టుకున్న ఇల్లు. దానికి మూఢంలో చెయ్యి పెడితే ఏమవుతుందోనని. ఈ పనిలో ఉంటే లేని పిచ్చి కూడా పడుతుంది, మూఢం వస్తే ముగ్గు పోయరు, శంకుస్థాపన చేయరు, కొత్త ఇంటి బొమ్మ వైపు కన్నెత్తి చూడరు, అందరూ భయపడేదానికి మనం భయపడకపోతే మనకేదో తెలియనట్టుంటుంది. పాత కార్డుతోనే కుంటుకుంటూ ఇల్లంతా గీశాను ఈ మూడు నెలల్లో, ప్రతి గదీ, కిటికీ కర్టెన్లు కూడా. జనవరిలో పెద్దమ్మ ఫోన్ చేసింది, గొంతు ఎప్పట్లాగే ఉంది, "ఏమే, ఫోటోలన్నా చూపియ్యవా, బస్సెక్కి వస్తా" అంది. నేనేమన్నాను? ఆగు పెద్దమ్మా, ముందే చూస్తే సరదా ఏముంది, అంతా ఒక్కసారే నడిచి చూద్దువుగాని, మూఢం వెళ్ళగానే అన్నాను. మురిపెంగా అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, సరేలే, నీ ఇష్టం అంది. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగిందో నేను అడగలేదు.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ నల్లతెర. మళ్ళీ తీశాను, మళ్ళీ రుద్దాను, రుద్దిన రుద్దుడుకు రబ్బరు రెండు ముక్కలైంది. నీళ్ళు తాగాలి, తాగడానికి లేవడం కూడా దండగ అనిపిస్తోంది. నాలుగూ నలభై ఎనిమిది. పాత కార్డు పెట్టేస్తే? పెట్టి ఆగి ఆగి నడిపిస్తే? నవ్వుతుందిగా, నవ్వితే నవ్వనీ. కానీ కొత్త ఇల్లు బరువు, గదిగదికీ సామాను పెట్టాను, మొన్న పాత కార్డుతో నడిపితే వరండా దాటక ముందే బిగుసుకుపోయి ఆగిపోయింది. ఇంకొక్కసారి, ఈసారి గాడి లోపలిదాకా, అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి. లోపలినుంచి ఆవగింజ వచ్చింది. ఒక ఆవగింజ, నల్లగా, గుండ్రంగా, దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను, ఎంతసేపో తెలియదు. అది అడ్డం పడి ఉంటే ఇక అడ్డం లేదు, వస్తుంది, తప్పకుండా వస్తుంది. కార్డు పెట్టాను, రెండు బొటనవేళ్ళతో నొక్కాను, టక్. వైరు, ఇంకో వైరు. వీధిలో ఆటో ఆగింది.

"వేణీ, ఉన్నావే?"

ఆటో అంకారావు చెయ్యి పట్టుకుని కాలవ దాటించాడు. ఆమె గుమ్మం కొయ్య పట్టుకుంది, అక్కడే నిలబడి దగ్గింది, ఇదేంది మిరపకాయలు ఏయిస్తందా మీ అత్త గంగమ్మ అంది, నవ్వింది. తెల్లచీర, చంకన ఎప్పటి సంచీ, సన్నబడింది. నేను లేచి చెయ్యి పట్టుకుని కుర్చీ దగ్గరికి తెచ్చాను, జిడ్డు చేతులు, ఆమె మణికట్టుకు నల్లగా అంటింది, అయ్యో పెద్దమ్మా మసి అన్నాను, ఎక్కడ అని అటూ ఇటూ కూడా చూసుకోలేదు, పోనీలే అంది. కూర్చుంది, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది, చర్చిలో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఒక్క నిమిషం అని నేను వంగి స్విచ్ వేశాను. ఫ్యాన్లు మొదలయ్యాయి, ముందు నెమ్మదిగా, తర్వాత గదంతా నిండేట్టు. నేను ఇంకా నేల మీదే ఉన్నాను, కార్డు వైపు చూస్తూ, రా, రా, రావే నీకు దణ్ణం పెడతా అనుకుంటూ.

పైనుంచి ఆమె గొంతు. "అబ్బ. ఎంత బాగుందే వేణీ."

వచ్చేసింది! టేబుల్ అంచు పట్టుకుని లేచాను. తెర నల్లగా ఉంది. నో సిగ్నల్ డబ్బా కుడి నుంచి ఎడమకు పోతోంది. నా మీద జోక్ వేస్తోందనుకున్నాను, ఆమె ముఖం చూశాను. నవ్వుతోంది, నా వైపు కాదు, తెర వైపు కూడా కాదు, తెరకు జానెడు అవతల గోడ వైపు, కళ్ళు పెద్దవి చేసుకుని, శ్రద్ధగా. "రంగు గూడా నే చెప్పిందే ఏశావు" అంది. "మూణ్ణెల్లు కష్టపడ్డావుగా, చానా బాగా వచ్చింది. చానా."

కళ్ళెప్పుడు పోయాయి పెద్దమ్మా? జనవరిలో ఫోన్ చేసినప్పుడా, ఆ ఆగిన క్షణంలోనా, ఫోటోలన్నా చూపియ్యవా అన్నది అందుకా? అన్నీ మనసులోనే. అప్పటికి ఎంతో కొంత చూపు ఉండి ఉంటుంది, బొక్కంత, సూదిమొనంత, అందుకే అడిగింది, నేను సరదా ఏముందన్నాను. ఇప్పుడు నేను నొచ్చుకుంటానని బస్సెక్కి వచ్చి గోడను చూసి బాగుందంటోంది. నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ డబ్బాను కాలితో తన్నాలనిపించింది, దాన్ని తంతే ఆ మోత ఆగిపోతుంది, మోత ఆగితే ఆమెకు తెలిసిపోతుంది. స్క్రూడ్రైవర్ కింద పెట్టాను, చప్పుడు కాకుండా. వంటింటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది, తెరనూ ఆమెనూ నన్నూ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నడిపియ్యవే" అంది పెద్దమ్మ. "గేటు కాడే నిలబెట్టావు నన్ను."

నేను స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. "గేటు తీశాను పెద్దమ్మా, లోపలికొచ్చాం. కుడిపక్క పంపు, నువ్వు చెప్పినకాడే. నేలంతా మన నాపరాళ్ళు పరిచా, జారవు. నాలుగు అడుగులేస్తే వరండా."

"ఊఁ" అంది.

"ఇక్కడ మూడు మెట్లున్నాయి. జాగర్త."

కుర్చీలో కూర్చునే ఆమె పాదం ఎత్తింది.